దండం పెట్టే చేతులు

తాండూరులో మా పక్క వాటాలో ఒక ముసలి నటుడు ఒంటరిగా ఉండేవాడు. నైజాం కాలం నుంచి పద్యనాటకాలు ఆడినవాడు. ఎవరైనా దుమ్ము దులుపుకోవడానికి చేతులు తట్టుకున్నా, చప్పట్లనుకుని ఆయన చేతులు వాటంతటవే దండం పెట్టేవి. ఒకసారి నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"వికారాబాదుల నా భార్య సచ్చిపోయిన నాడు శవం మీద పడి ఏడ్సిన. ఏడుపు పద్యం లెక్క రాగమెత్తుకున్నది. నా నాటకాలు మస్తు చూసిన ముసలాయన ఒకాయన, కండ్లు తుడుసుకుంట, అలవాటుల 'వన్స్ మోర్' అన్నడు."

"నువ్వేం జేసినవ్, తాతా?"

"దండం పెట్టి మల్ల మొదటి సంది ఎత్తుకున్న. నా బిడ్డ గప్పుడే లేచి బయటికి పోయింది. మల్ల నా మొఖం చూడలె."

ఆయన తన అరచేతులకేసి చాలాసేపు చూసుకున్నాడు.

"రెండోసారి ఇంకా మంచిగ పాడిన," అన్నాడు.