ఆయన చదువేమిటో నాకు తెలుసు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఏలూరులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళు ఈమధ్యే ఇల్లు మారారు. కొత్త పేటలో పిల్లలకి దగ్గొచ్చినా జ్వరమొచ్చినా చూపించుకోవడానికి ఒక డాక్టరు కావాలి గదా, అందుకని అన్నాలయ్యాక అమ్మాయీ అల్లుడూ ఫోను ముందేసుకుని కూర్చున్నారు. పెళ్ళి సంబంధానికి కూడా అంత ఆరా తీసి ఉండరు. ఏ కాలేజీలో చదివాడు, పైచదువు ఏమిటి, రిజిస్ట్రేషను నెంబరు ఉందా, ఉంటే అది ఆయనదేనా అని ఒకటే వెతుకులాట. నెంబరు కొట్టగానే డాక్టరు గారి పేరూ, తండ్రి పేరూ, పాసైన సంవత్సరమూ వచ్చేశాయి. అమ్మాయి తృప్తిగా తలూపి నావైపు తిరిగి, "మీ రోజుల్లో ఇవన్నీ ఎవరు చూశారమ్మా! చూసుంటే నాన్నగారు మనకి దక్కేవారు" అంది. మనవడి మూతి తుడిచే వంకతో నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను.

ఎవరూ చూడకపోవడం వల్లే వాళ్ళ నాన్నగారు పోయారని మా పిల్లలిద్దరూ ఇన్నేళ్ళుగా నమ్ముతున్నారు. అది నిజం కాదు. చూసిన మనిషి ఒకరున్నారు. ఆ మనిషిని నేనే. చూసి, నోరు మూసుకుని కూర్చున్నాను. దేవుడి ముందు ఎన్నోసార్లు ఒప్పుకున్నాను గానీ పిల్లల ముందు ఒప్పుకోలేదు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక ఇలా కాగితం మీద పెడుతున్నాను, నా ఈడు వాళ్ళకైతే కాస్త అర్థమవుతుందని ఆశ.

మన రోజుల్లో డాక్టర్ని ఎలా ఎంచుకునేవాళ్ళమో మీకు గుర్తుండే ఉంటుంది. హస్తవాసి చూసేవాళ్ళం. ఆయన చెయ్యి మంచిది, ముట్టుకుంటే జ్వరం దిగిపోతుంది అని నలుగురు అన్నారంటే ఇక ఏ కాగితమూ అక్కర్లేదు. సూది వెయ్యకుండా బిళ్ళలు రాసి పంపేవాడు ఎంత చదువుకున్నా మన లెక్కలో డాక్టరు కాదు. పిలిస్తే ఇంటికి రావాలి, వచ్చినవాడు మంచం పట్టె మీద కూర్చుని నాలుగు మాటలు మాట్లాడాలి, అన్నిటికంటే ముఖ్యంగా మా కొల్లేటి వాళ్ళని చేపల పులుసు మానెయ్యమనకూడదు. ఇన్ని గుణాలున్న మనిషి దొరికాక ఆయనేం చదివాడని అడగడం మర్యాద కూడా కాదనుకునేవాళ్ళం.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఉన్న ఒక లంక ఊళ్ళో, ఇద్దరే టీచర్లున్న బడిలో నేను పనిచేసేదాన్ని. మా వారు ఆ ఊరి చేపల చెరువుల్లో మేత వేయించే పని చూసేవారు. వానైనా మంచైనా పొద్దున్నే నడుం లోతు నీళ్ళలోకి దిగేవారు. ఆ ఊరికి డాక్టరు గారంటే ఒక్కరే. మోపెడ్ మీద, ముందు తోలు సంచీ పెట్టుకుని, నలగని చొక్కాతో గట్ల వెంట తిరిగేవారు. "గూడెంలో పెద్ద డాక్టరు గారి దగ్గర చేశారండి" అని ఊరంతా గొప్పగా చెప్పుకునేది. ఏం చేశారో, ఎన్నాళ్ళు చేశారో ఎవరికీ పట్టలేదు. తాడేపల్లిగూడెంలో చేసొచ్చిన మనిషి మా లంకలో ఉండటమే మహాభాగ్యం! ఆయన గది బయట బోర్డు మీద పేరుకి ముందు డాక్టర్ అని ఉండేది, పేరు తర్వాత ఏమీ ఉండేది కాదు. పిల్లల పరీక్ష కాగితాల్లో కామా లేకపోతే ఎర్రసిరాతో చుట్టే నాకు ఆ ఖాళీ ఒక్కనాడూ కంటపడలేదు.

ఆయన గురించి ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఒక ఏడు కొల్లేరు పొంగి రోడ్డు మునిగిపోయింది, బస్సు లేదు, మండవల్లి వెళ్ళే దారే లేదు. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు, వాంతులూ విరేచనాలూ పట్టుకుని మధ్యాహ్నానికల్లా కళ్ళు లోపలికి పోయాయి. ఆయన తాటిదోనె ఎక్కి, సంచీ తల మీద పెట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో మా గుమ్మంలోకి వచ్చారు. దూలానికి సెలైను సీసా కట్టి, పిల్ల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగేదాకా కదలకుండా కూర్చున్నారు. ఈవేళ ఫోనులో డాక్టర్ల చదువులు వెతికే పిల్ల బతికి ఉన్నది ఆ చేతి వల్లే. ఆ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాను నేను.

ఆ తర్వాతి జూన్‌లో ఆయన తన కూతుర్ని మూడో తరగతిలో చేర్పించడానికి బడికి తీసుకొచ్చారు. అడ్మిషన్ ఫారం నేనే నింపుతున్నాను. తండ్రి పేరు, వృత్తి రాశాను. విద్యార్హత అన్న గడి దగ్గర కలం ఆపి, ఏ కాలేజీ పేరు చెబుతారో అన్నట్టు మామూలుగా తలెత్తాను. ఆయన కిటికీ వైపు చూశారు. "పదో తరగతండి మేడం గారూ. అదీ తప్పానండి. గూడెంలో పన్నెండేళ్ళు కాంపౌండరుగా చేశానండి" అన్నారు. అబద్ధం చెప్పొచ్చు కదా మహానుభావుడు! ఏదో నాలుగక్షరాలు చెబితే నేను రాసేసుకునేదాన్ని, నాకేం తెలుసు? చెప్పలేదు. అన్నేళ్ళలో ఆయన్ని ఆ మాట అడిగిన మొదటి మనిషిని నేనేనేమో, అడగ్గానే నిజం చెప్పేశారు. నేను పదో తరగతి అని రాసి, సంతకం పెట్టించుకుని, పిల్లని మూడో తరగతి గదిలో కూర్చోబెట్టాను.

ఇంటికొచ్చి మా వారితో అనలేదు.  బిడ్డని బతికించిన మనిషిని బజారున పెట్టడమా అనిపించింది. బడి రికార్డులో రాసినది ఊళ్ళో చెప్పకూడదనే టీచరు బుద్ధి కూడా కొంత. అసలు మాట వేరే ఉంది. ఆయన్ని కాదనుకుంటే ఆ లంకలో మాకు ఇంకెవరున్నారు? ఆ భయం కొద్దీ, చదువు లేకపోతేనేం, చెయ్యి మంచిదిగా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

నీళ్ళలో నానీ నానీ మా వారికి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. మొదట నెలకొక సూది. మర్నాటికే కుర్రాడిలా గట్టు మీద పరిగెత్తేవారు. "చూశావా ఆయన చెయ్యి!" అని నాకే చెప్పేవారు. తర్వాత వారానికొకటి, ఆపైన సూదితో పాటు రోజూ రెండు బిళ్ళలు. అలా మూడేళ్ళు గడిచాయి. ఒకసారి నేనే పోరు పెట్టి ఆకివీడు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, కొత్తగా వచ్చింది, గోడ మీద పట్టా వేలాడుతోంది. మా వారి పాదం మీద వేలితో నొక్కి, గుంట పడటం చూసి, ఆ సూదులూ బిళ్ళలూ ఈ రోజే ఆపెయ్యాలండీ అని, రక్తానికీ మూత్రానికీ పరీక్షలు రాసి చీటీ చేతిలో పెట్టింది. సూది మాత్రం వెయ్యలేదు. బస్టాండులో మా వారు ఒకటే నవ్వు, "చీటీ కోసమా మనం ఇంత దూరం వచ్చింది!" అని. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మాట నిజమని ఒప్పుకుంటే, మన డాక్టరు గారు పదో తరగతి తప్పిన మనిషండీ అని నేను చెప్పాల్సి వస్తుంది. నవ్వడం తేలికైంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నది అక్కడే, ఆ బస్టాండులోనే.

మరుసటి ఏడాది మా వారి మొహం ఉబ్బింది, అన్నం సయించడం మానేసింది. ఏలూరు తీసుకెళ్ళమని మొట్టమొదట చెప్పింది మా లంక డాక్టరు గారే. మా వారి కళ్ళ కింది వాపు చూసి చేతిలో ఉన్న సూది పక్కన పెట్టేసి, "ఇది నా వల్లయ్యేది కాదండి, ఆలస్యం చెయ్యకండి" అన్నారు.  ఏలూరు ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, ఆ నొప్పి సూదులూ బిళ్ళలూ పడీ పడీ రెండు మూత్రపిండాలూ పాడైపోయాయన్నారు. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించడానికి తిప్పాను. ఎనిమిది నెలలు. ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పగలగొట్టించిన ఏడాదే మా వారూ వెళ్ళిపోయారు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు మా మరిది, మరో నలుగురు వెళ్ళి ఆ డాక్టరు గారి బోర్డు పీకి కాలవలో పడేశారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారట. మీ వదిన గారికి అంతా తెలుసు, ఆవిడ చేత్తోనే రాసుకున్నారు అని ఒక్క మాట అంటే ఆ కోపం సగం నా మీదకి మళ్ళేది. అనలేదు. వారం తిరక్కుండా కూతురి టీసీ కోసం బడికి వచ్చారు. నేను తలెత్తకుండా రాసిచ్చాను. రెండు చేతులతో అందుకుని, "నేనెవరితోనూ అనలేదండి మేడం గారూ, అననండి, మీరు బెంగ పెట్టుకోకండి" అన్నారు. ఆయన నన్ను తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆయన ఎటు వెళ్ళారో, ఏం చేసుకుని బతికారో నాకు తెలియదు.

ఇంతవరకూ రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ అసలు చెప్పవలసింది మిగిలిపోయింది.

ఏలూరు ఆసుపత్రిలో మొదటి రోజు పెద్ద డాక్టరు గారు చీటీలన్నీ తిరగేసి, ఈ సూదులు ఇన్నేళ్ళు వేసినాయన ఏం చదివాడని అడిగారు. మా వారు పక్కనే స్టూలు మీద కూర్చున్న నావైపు తిరిగి, "ఏమోయ్, ఆయనేం చదివారో నీకేమన్నా తెలుసా?" అన్నారు. నేను తెలీదండీ అన్నాను. వెంటనే మా వారు డాక్టరు గారితో, "మా టీచరుకే తెలీదంటే ఊళ్ళో ఎవరికీ తెలీదండి. ఆవిడ అన్నీ చూస్తుందండి" అన్నారు. అంత వాపులోనూ ఆ మాట అంటుంటే ఆయన మొహంలో గర్వం కనపడింది.

ఆ తర్వాత చూడవచ్చిన ప్రతి వాళ్ళకీ అదే చెప్పేవారు, మాకెవరికీ తెలియక జరిగిందండీ అని. పోయే వారం ముందు కూడా నా చెయ్యి పట్టుకుని, "తెలీక జరిగిన దానికి నువ్వు కుమిలిపోకు" అన్నారు. నేను అలాగేనండీ అన్నాను.

ఇప్పుడు ఆ లంకకి తారురోడ్డు పడింది, అంబులెన్సు వస్తుంది. డాక్టర్ల బోర్డుల మీద పేరు కింద నెంబర్లుంటున్నాయి. పిల్లలు మొహమాటం లేకుండా అడుగుతున్నారు, మంచిదే, ఇంకా గట్టిగా అడగమనే చెబుతాను. నేనూ కొంత మారాను. ఇప్పుడైతే మా వారు అలా నావైపు తిరిగి అడిగితే చెప్పేస్తాను. అడిగే మనిషే లేరు.