డిజెక్టెడ్... అంత పెద్ద మాట ఎందుకు?

ఐదేళ్ల కిందటి వానాకాలం. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రెండో అంతస్తులో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే పని, సెంటర్ మాత్రం మారింది. నల్లకుంటలో ఇంటి నుంచి బయలుదేరి క్లాసుకు చేరేసరికి బెంచీలు నిండిపోయి, వెనక గోడకు ఆనుకుని కూడా పిల్లలు నిలబడి ఉండేవారు. పిల్లలు అంటున్నాను గానీ చాలామందికి పాతికేళ్లు దాటాయి.

ఎస్సై పోస్టుకు చదివేవాళ్లకు ఇంగ్లిష్ క్వాలిఫయింగ్ పేపరు. అంటే దాని మార్కులు ర్యాంకులో కలవవు, కానీ అందులో తప్పితే మిగతావెన్ని బాగా రాసినా లాభం లేదు. ఊళ్లలో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఆ పేపరంటేనే వణుకు. తిరుపతి అలాంటివాడే. హుస్నాబాద్ దగ్గరి పల్లె. అంతకుముందు నోటిఫికేషన్‌లో పరుగు నెగ్గాడు, మిగతా పేపర్లు నెగ్గాడు, ఇంగ్లిష్‌లో పోయాడు. అప్పటినుంచి అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ, చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకుంటూ తరువాతి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాడు. అది ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటూ ఏళ్లు గడిచాయి.

ఒకరోజు సినానిమ్స్ చెబుతున్నాను, ఒకే అర్థానికి దగ్గరగా ఉండే మాటలన్నమాట. బాధను, నిరుత్సాహాన్ని చెప్పే మాటలు వరసగా బోర్డు మీద రాశాను: డిస్‌హార్టెన్డ్, క్రెస్ట్‌ఫాలెన్, డిజెక్టెడ్, డెస్పాండెంట్. తిరుపతి లేచాడు.

"అన్నిటికి బాధ అనే రాసుకోవాల్నా మేడం?"

"అన్నీ ఒకటే అయితే ఇన్ని మాటలెందుకయ్యా?" అని ఒక్కొక్కటే విడమరిచాను. డిస్‌హార్టెన్డ్ అంటే చేసే పని మీద ఉత్సాహం జారిపోవడం. క్రెస్ట్‌ఫాలెన్ అంటే గెలుపు మనదే అనుకున్నాక ఓడి తల వాల్చేయడం. డిజెక్టెడ్ అంటే ఎవరో ఎత్తి కింద పడేసినట్టు మనసు కుంగిపోవడం. డెస్పాండెంట్ అంటే ముందుముందు కూడా ఏమీ బాగుపడదని ఆశ వదిలేయడం.

"అయితే క్రెస్ట్‌ఫాలెన్ అంటే మొఖం చిన్నబోవుడు," అన్నాడు తిరుపతి. "డిజెక్టెడ్ అంటే రంది పెట్టుకునుడు. గట్ల చెప్తే యాదికుంటది."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కొన్నేళ్లుగా రాని ఇంగ్లిష్ ఆ తరువాత కొన్ని నెలల్లోనే అతనికి వచ్చింది. ఎస్సేలు తప్పుల్లేకుండా రాయడం మొదలుపెట్టాడు.

నోటిఫికేషన్ వచ్చింది. వయసు లెక్కగట్టే కటాఫ్ డేట్ నాటికి తిరుపతి పరిమితి దాటిపోయాడు. దాటింది కొద్ది వారాలే. ఏడాది ముందు వచ్చి ఉంటే హాయిగా అర్హుడు. ఇలాంటప్పుడు ఏజ్ రిలాక్సేషన్, అంటే వయసు సడలింపు ఇమ్మని అర్జీ పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారు. తానే ఇంగ్లిష్‌లో రాసుకుని తెచ్చి చూపించాడు. నేను దిద్దాల్సింది ఏమీ కనబడలేదు.

"మీరు జర వెంట వస్తరా మేడం? అక్కడ పెద్దసార్లు ఇంగ్లిష్‌ల మాట్లాడితే నేను తడబడ్త," అన్నాడు. వెళ్లాను.

పోలీసు నియామకాల ఆఫీసులో అర్జీలు చూసే అధికారి మర్యాదస్తుడే. నాకు కుర్చీ చూపించాడు. తిరుపతి నిలబడే ఉన్నాడు. అధికారి కాగితం మొదటినుంచి చివరిదాకా ఓపిగ్గా చదివాడు.

"ఎవరు రాసిండ్రు ఇది?"

"నేనే సార్."

"ఇంగ్లిష్ మంచిగుంది. కానీ ఇక్కడ డిజెక్టెడ్ అన్నవ్. అంత పెద్ద మాట ఎందుకు? డిసప్పాయింటెడ్ చాలు. పైకి పోయే కాగితం కద."

"సడలింపు సంగతేమిటి సార్?" అని నేనడిగాను.

"రూల్ రూలే మేడం. ఒక్కరి కోసం మారుస్తరా? నేనైతే భాష వరకు చెప్తున్న."

తిరుపతి ఒక అడుగు ముందుకు వేశాడు. "నోటిఫికేషన్ లేటైంది మా వల్లనా సార్?"

అధికారి కాగితం అతని ముందుకు జరిపాడు. "అది ఇందుల రాయకు," అన్నాడు.

తిరుపతి జేబులోంచి పెన్ను తీసి, బల్ల అంచున కాగితం పెట్టి, డిజెక్టెడ్ కొట్టేసి పైన డిసప్పాయింటెడ్ అని రాశాడు. స్పెల్లింగు తప్పు పోలేదు. అధికారి తీసుకుని, ముద్ర వేయించి, ఫైల్లో పెట్టించాడు.

తిరిగి వస్తూ నారాయణగూడలో చాయ్ తాగడానికి ఆగాం. తిరుపతి గ్లాసు కింద పెట్టి అన్నాడు: "పోయినసారి ఇంగ్లిష్ రాదని తీసేసిండ్రు మేడం. ఈసారి ఇంగ్లిష్ మంచిగుందని పంపిచ్చిండ్రు."

ఇంకో చాయ్ చెప్పాను.

ఆ అర్జీకి జవాబు రాలేదు. పరీక్షలు జరిగాయి, ఫలితాలు వచ్చాయి. తిరుపతి ఊరికి పోలేదు. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్ తరఫున పొద్దున్నే అభ్యర్థుల చేత పరుగు ప్రాక్టీసు చేయిస్తున్నాడు. అతని దగ్గర పరిగెత్తినవాళ్లలో ఇద్దరు ఎస్సైలయ్యారు. మొన్నామధ్య దోమలగూడలో కనిపించి తనే చెప్పాడు: "గ్రౌండ్ల ఉన్నప్పుడు వాళ్లు నన్ను సార్ అన్నరు. ఇప్పుడు డ్యూటీల ఎదురైతే నేనే వాళ్లను సార్ అంటున్న. రివాజు కద మేడం." నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇన్నేళ్లూ బాధకు సరైన మాట ఏరుకోవడమే చెప్పాను. సరైన మాట దొరికితే ఎదుటివాడికి మన బాధ అందుతుందని నమ్మాను. అందదని ఆ ఆఫీసులో తెలిసింది. వినకూడదని కూర్చున్నవాడికి మన మాట దిద్దుకోవడానికే పనికొస్తుంది. అందుకే లెటర్ రైటింగ్ క్లాసులో ఇప్పుడు వేరేగా చెబుతున్నాను. అర్జీలో జరిగింది రాయండి, ఏ నిబంధన కింద ఏం కావాలో రాయండి, మీకెలా ఉందో మాత్రం రాయకండి అంటాను.

మొన్న క్లాస్ టెస్టులో విద్యానగర్ నుంచి వచ్చే ఒకమ్మాయి అర్జీ చివర తనెంత కుంగిపోయిందో ఒక వాక్యం రాసింది. దాని కింద గీత పెట్టాను.

"తప్పా మేడం?"

"తప్పు కాదమ్మా."

"మరి?"

"అది ఉంటే దాన్నే చదువుతారు, అడిగింది చూడరు," అన్నాను.

ఆమె పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసింది. నేను పూర్తి మార్కులు వేశాను.