రావలసిన జవాబు

మా డీటీపీ షాపుకి థీసిస్‌లు మోసుకొచ్చేవాళ్లలో చాలామంది అంకెలు నా చేతే మార్పించారు. "ఆ టేబుల్లో కొంచెం పెంచవయ్యా, చూడ్డానికి బాగుంటుంది" అనేవారు. డాక్టరేట్లు ఎలా తయారవుతాయో టైపు కొట్టేవాడికి తెలిసినంతగా పట్టా ఇచ్చేవాళ్లకి తెలియదు. అందుకే, రెండువేల ఆరులో ఫణిశ్రీ గారు తన కాగితాలు తెచ్చినప్పుడు ఆవిణ్ణీ ఆ లెక్కలోనే వేశాను.

ఆవిడ కొవ్వూరు నుంచి రోజూ బ్రిడ్జి దాటి మా ఊరొచ్చి, ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో సివిల్ పిల్లలకి హైడ్రాలిక్స్ చెప్పేవారు. పీహెచ్‌డీకి మాత్రం ఇంజినీరింగు పిల్లలు అసలెలా నేర్చుకుంటారన్నది తీసుకున్నారు. "ధవళేశ్వరం ఆనకట్ట పక్కనే పెట్టుకుని ఈ బీఎడ్ సబ్జెక్టు ఏంటండీ మేడం?" అని స్టాఫ్‌రూములో నవ్వేవారట.

వాళ్ల ల్యాబులో, గండి కోసిన రేకు మీదుగా నీళ్లు వదిలి ప్రవాహం కొలిచే ప్రయోగం ఒకటుంది. రావలసిన జవాబు సీనియర్ల రికార్డుల్లో ఉంటుంది. పిల్లలు ముందు ఆ జవాబు వేసుకుని, వెనక్కి లెక్కగట్టి కొలతలు రాసేస్తారు. పంపు ఆన్ చెయ్యకపోయినా ప్రయోగం పూర్తవుతుంది. ఫణిశ్రీ గారు ఒక బ్యాచ్‌ని అలాగే వదిలేశారు. రెండో బ్యాచ్‌కి పాత రికార్డులు అందకుండా చేసి, నిజంగా కొలిపించారు. వీళ్లే బాగా నేర్చుకుంటారని ఆవిడ నమ్మకం. తీరా రెండు బ్యాచ్‌లకీ అదే రేకు మీద పరీక్ష పెడితే వీళ్లకే తక్కువ మార్కులొచ్చాయి.

గడువు దగ్గరపడ్డాక ఒకరోజు గైడు చంద్రరావు గారు కూడా షాపుకొచ్చారు.

"రెండో బ్యాచ్‌కి తలా కాసిని మార్కులు కలిపెయ్యండమ్మా. ఈ టేబుల్ ఇలా ఉంటే నేను సంతకం పెట్టలేను. టీ తాగొస్తాను, ఈలోగా సర్దెయ్యండి."

ఎవరికి ఎంత కలపాలో చూడ్డానికి ఆవిడ సంచిలోంచి పరీక్ష పేపర్ల కట్ట తీశారు. నేను మౌస్ మీద చెయ్యేసి కూర్చున్నాను. తిప్పుతూ తిప్పుతూ ఆవిడ ఆగిపోయారు. రెండో బ్యాచ్ పేపర్లన్నిటి మీదా జవాబు దగ్గర ఎర్రసిరా కొట్టివేత.

"ఎవరు దిద్దారండీ?" అన్నాను.

"నేనే." ఒక పేపరు నా వైపు తిప్పారు. "ఆ రేకు అంచు అరిగిపోయిందండి. పుస్తకంలో అంకె దాని మీద రాదు. వీళ్లు వచ్చింది వచ్చినట్టు రాశారు. నేను ఆన్సర్ స్కీం పక్కన పెట్టుకుని కొట్టేశాను."

"ఇంకేంటండీ, కలపడానికి కారణం దొరికిందిగా!" ఎగతాళిగానే అన్నాను.

"ఇప్పుడు కలిపితే, నేనూ జవాబు ముందేసుకుని వెనక్కి లెక్కగట్టినట్టే కదండీ."

చంద్రరావు గారు తిరిగొచ్చేసరికి టేబుల్ అలాగే ఉంది. దాని కింద, ఆ పేపర్లు దిద్దిన మనిషి గురించి కొత్త చాప్టరు మొదలైంది.

"సొంత తప్పు థీసిస్‌లో ఎవరైనా రాసుకుంటారా తల్లీ?"

"పిల్లలెలా నేర్చుకుంటారనే కదండీ రాస్తున్నాను. వాళ్లు నా దగ్గరే నేర్చుకున్నారు."

ఆయన సంతకం పెట్టలేదు. గడువు దాటిపోయింది. ఆ ఏడు ప్రమోషన్ ఆవిడ తరవాత చేరినాయనకి వెళ్లింది. మరుసటేడు, ఆ చాప్టరుతోనే, సగం మనసుతో ఆయన సంతకం పెట్టారు.

ఆవిడ స్టూడెంట్లు రికార్డులకి అట్టలు ప్రింటు వేయించుకోవడానికి ఇప్పటికీ మా షాపుకే వస్తారు. మొన్న ఒకడు విసుక్కున్నాడు.

"ఎంత రావాలండీ అని అడిగితే, ఎంతొచ్చింది అంటారేంటండీ ఆవిడ? పొద్దుట్నుంచీ నీళ్లలోనే ఉన్నామండీ బాబూ."

"మరి ఎంతొచ్చింది?"

"ఒక్కోసారి ఒక్కోటి వస్తందండి," అన్నాడు తల గోక్కుంటూ. "ఎందుకో చూడాలి."