రియాద్ నుంచి ఖోబర్‌కు, బాపును మా ఎదురుగా కూర్చోబెట్టడానికి

వచ్చే నెల బాపు, అంటే మా నాన్న, ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వచ్చేస్తున్నాడు. ఇక ఆయనకు సౌదీ రాకపోకలు ఉండవు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా బతికిన చోటు ఒక్కసారి చూద్దామని కాలేజీ సెలవుల్లో అమ్మా నేనూ విజిట్ వీసా మీద రియాద్ వచ్చాం. బాపు మెస్‌లో వంటవాడు. గల్ఫ్ యుద్ధం వచ్చిన ఏడు, ఇరవై ఏళ్లు నిండకుండానే, జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి ధహ్రాన్‌లో అమెరికన్లుండే ఒక కాంపౌండ్ మెస్‌లో చేరాడు. చాలా ఏళ్ల తర్వాత రియాద్‌కు మారాడు. అమెరికా తిండి గురించి మా జిల్లాలో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. కానీ నా అసలు కోరిక వేరే. నాకు ఊహ తెలిశాక బాపు మాతో కలిసి కూర్చుని తినడం ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన సౌదీ విడిచే లోపల, ఇన్నేళ్లు ఆయన వండిన రకం తిండితోనే ఆ ఒక్క పూట జరగాలనుకున్నాను.

చిన్నప్పుడు రెండేళ్లకోసారి ఆయనకు రెండు నెలల సెలవు దొరికేది. ఆ రెండు నెలలూ ఆదివారం పొద్దున ప్యాన్‌కేకులు. జొన్నరొట్టెల పెనం మీద పిండి పోసి, పైన బుడగలు పగిలి చిన్న గుంటలు పడగానే తిప్పేవాడు. సిరప్ బదులు బెల్లం పాకం. నానమ్మ, అమ్మ, తమ్ముడు, నేను వరుసగా కూర్చుంటే ఒక్కొక్కటే పెనం మీది నుంచి నేరుగా కంచంలో పడేది. "నువ్వు గూడ కూసోరాదు" అని అమ్మ అంటే, "మీరు తినుర్రి" అనేవాడు. మేం చేతులు కడుక్కున్నాక పొయ్యి వైపు తిరిగి నిలబడి చివరిది తినేవాడు. మిగతా పూటలూ అంతే. మా పక్కన కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదేమోనని నాకు లోపల బాధగా ఉండేది.

శనివారం పొద్దున్నే రియాద్ స్టేషన్‌కు టాక్సీలో వెళ్లాం, ముప్పై రియాళ్లయింది. బాపు మొదట పనిచేసిన ధహ్రాన్‌కు పక్కనే ఉన్న దమ్మామ్‌కు రైల్లో నాలుగు గంటల పైనే పడుతుంది. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి. ఊరు దాటాక ఇసుక రంగు మారింది. దానికి సరైన మాట దొరక్క నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటే బాపు కిటికీలోంచి చూసి, "పసుపు కలిపిన కారప్పొడి లెక్కున్నది" అన్నాడు. అదే రాసుకున్నాను. హఫూఫ్ దగ్గర ఖర్జూర తోటలు వచ్చేదాకా ఆ కారప్పొడే.

దమ్మామ్‌లో దిగి, ధహ్రాన్ మీదుగా ఖోబర్‌కు నలభై రియాళ్లకు టాక్సీ మాట్లాడుకున్నాం. డ్రైవర్ పెషావర్ మనిషి. కాంపౌండ్ గేటు దగ్గర కాస్త మెల్లగా పోనివ్వమని బాపు అడిగాడు.

"అందర్ జానే నహీ దేతే, చాచా." లోపలికి పోనివ్వరని డ్రైవర్ అన్నాడు.

"మాలూమ్ హై భాయ్. బస్, ఇన్‌కో దిఖానా హై." తెలుసని, మాకు చూపిస్తే చాలని బాపు అన్నాడు.

వేపచెట్ల వెనక పొడుగాటి గోడ చూపించి, "గా గోడెనక మా మెస్" అన్నాడు.

"గింత దూరం గోడ సూసుడుకా?" అంది అమ్మ.

"లోపల గూడ గోడనే ఉండె" అన్నాడు బాపు.

ఖోబర్‌లో సముద్రానికి దగ్గరగా, రోజంతా అమెరికన్ బ్రేక్‌ఫాస్ట్ దొరికే చోటికి వెళ్లాం. మూడు ప్లేట్ల ప్యాన్‌కేకులకు, గుడ్లకు, కాఫీలకు కలిపి నూట ఇరవై రియాళ్లు. ప్లేట్లు రాగానే బాపు లేచి మా ఇద్దరికీ సిరప్ పోశాడు. తర్వాత టిష్యూలు తెచ్చాడు. తర్వాత వంటగది వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. ఫిలిప్పీన్స్ వెయిటర్ వచ్చి, "సర్, ఏమైనా కావాలా" అని ఇంగ్లిష్‌లో రెండుసార్లు అడిగాడు.

"దునియకంత వండిపెట్టినవ్. ఒక్కనాడు నీ ప్లేటు ముంగట కూసుంటే నీ కొలువు పోతదా?" అంది అమ్మ.

"పోయింది గదనే, వచ్చే నెల" అని నవ్వి, మా ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

నేను అడిగాను. "మెస్‌ల గూడ ఒక్కొక్కటే పోసి ఇచ్చేటోడివా బాపు?"

"మూడొందల మందికి గట్లెట్లైతది బిడ్డా? ముందుగాల్నే అన్ని కాల్చి ఓవెన్ల సన్నటి వేడికి పెడ్తం. గంటైనా చల్లగ గావు."

"మరి ఇంట్ల గూడ గిన్నెల పెట్టి మూత పెడితే, నువ్వు మాతోని కూసోవచ్చు గద."

ఆయన ఫోర్కును ప్లేటు పక్కన సరిగ్గా పెట్టాడు.

"మెస్‌ల మాకూ తినేటోళ్లకూ నడుమ గోడ. దానికి జానెడు కిటికి. ప్లేటు పెడితే ఒక చెయ్యి వచ్చి తీస్కపోయేది. యుద్ధం దినాలల్ల పెనం ఆరకపోయేది, గన్ని చేతులు. ఒక చేతికి ఉంగరం వేలు లేకుండె. ఉన్న నాలుగు వేళ్లు సూపెట్టి నాలుగు కావాలనేది. ఎవ్వలిదో ఇప్పటికి తెల్వదు. తినేటోని మొఖం ఒక్కటి సూడలే. ఇంటికొస్తే మీరు నలుగురు వరుసకు కూసుందురు. నేను గూడ ఆ వరుసల కూసుంటే పక్కోళ్లే కనబడుదురు. పెనం కాడ నిలబడితే నలుగురి మొఖాలు ఒక్కపారి కనబడుతుండె."

అమ్మ ఆయన ప్లేటు తన వైపు లాక్కుని, ప్యాన్‌కేకును ముక్కలు చేసి, మళ్లీ ఆయన ముందుకు జరిపింది. బాపు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఆయన ఎడమ వైపే నములుతాడని, రుచి చూసేటప్పుడు కనుబొమలు పైకి లేస్తాయని నాకు అప్పుడే తెలిసింది.

"సోడా జర ఎక్కువైంది" అన్నాడు.

"వంకలు పెట్టకుంట తినరాదు" అంది అమ్మ.

"నువ్వేంది, తింటలేవు?" అని నన్నడిగాడు.

"సూస్తున్న" అన్నాను. ఆయన సిగ్గుపడి తల వంచుకుని, ఇంకో ముక్క తీసుకున్నాడు.

అమెరికా ఇళ్లలో వండినవాళ్లు కూడా అందరితో పాటు బల్ల దగ్గర కూర్చుంటారని చదివినప్పుడల్లా, మా ఇంటి ఆదివారాల్లో ఒక మనిషి తక్కువగా ఉన్నాడని అనుకునేదాన్ని. సాయంత్రం రైల్లో బాపు కిటికీకి తల ఆనించి నిద్రపోతుంటే ఆ లెక్క తప్పని తోచింది. ఆ పూటల్లో మేం తింటూ ఉన్నాం, ఆయన మమ్మల్ని పూర్తిగా చూస్తూ ఉన్నాడు. అయినా వచ్చే నెల ఇంటికి వచ్చాక ఆయన్ను పెనం దగ్గర నిలబడనివ్వను. ఇన్నేళ్లు చూడని ముఖం నాకు కూడా ఒకటి ఉంది.

ఇటు వెళ్లాలనుకునేవారికి ఒక సూచన. ఇలాంటి చోట్ల గాజు కిటికీ వెంట వరుస కుర్చీలు ఉంటాయి, సముద్రం బాగా కనిపిస్తుందని ముందు అవే చూపిస్తారు. వద్దని చెప్పి, కొంచెం ఆగాల్సి వచ్చినా సరే, ఎదురెదురుగా కూర్చునే బల్ల అడగండి.