అక్క సీసాలోని మేకులు

మా అక్క పోయింది. తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. బళ్ళారి ఆసుపత్రిలో ఆమె కన్నుమూసే వేళకు మా ఇంటి మగవాళ్ళు బండ్రి దగ్గర ఖనిజం లారీల వరుసలో ఇరుక్కుపోయి ఉన్నారు. వాళ్ళు వచ్చేదాకా ఆమె పక్కన నేనొక్కదాన్నే కూర్చున్నాను.

అక్క దూరాన ఎక్కడో ప్రయోగశాలలో అణు ఇంధనం మీద పనిచేసిన మనిషి. బావగారు పోయాక, ఉద్యోగం విరమించి కప్పగల్లులో మా దగ్గరికి వచ్చేసింది. అప్పటికే మా ఇంట్లో పొలం మాట తగ్గి లారీల మాట పెరిగింది. భోజనాల దగ్గర టన్ను రేటు తప్ప మరో ముచ్చట ఉండేది కాదు. అక్కంటే అందరికీ గౌరవమే. ఆ గౌరవంతోనే ఎవరూ ఆమెతో మాట్లాడేవారు కాదు.

నాకైతే నోరు ఊరుకోదు. "ఇంతకీ నువ్వు చేసిన పనేందక్కా?" అని అడిగాను ఒకరోజు.

"రియాక్టర్లో వాడి తీసేసిన ఇంధనాన్ని వేల ఏండ్లు దాచిపెట్టల్ల మే. నీళ్ళు తగిల్తే అది తన రేడియేషన్‌తో ఆ నీళ్ళనే విరగ్గొట్టి, దాంతో తానే కరిగిపోతా వస్తాది. నీళ్ళలో హైడ్రోజన్ కలిసుంటే ఆ కరగడం శానా తగ్గుతాది."

"ఆ హైడ్రోజన్ యాడ్నుంచి తెస్తారు?"

అక్క ముఖం వెలిగిపోయింది. "తెచ్చే పనిల్యా. ఆ ఇంధనం చుట్టూ ఇనుప డబ్బా ఉండాదే, గాలాడని నీళ్ళలో అది మెల్లగా తుప్పు పడతాంటే అదే పుడతాది" అని, నా చెయ్యి పట్టుకుంది. "మొదటి ప్రశ్న ఎవురైనా మర్యాదకు అడుగుతారు. రెండోది ఇష్టముంటేనే అడుగుతారు."

నాకు చూపించాలని, మరగకాచి చల్లార్చిన నీళ్ళు సీసా నిండా పోసి, మేకులు వేసి, మూత చుట్టూ మైనం పూసింది. గాలి తగలకుంటే ఎర్రతుప్పు రాదట, నల్లబడతాయట. నెలల తరబడి ఆ సీసాను కిటికీలో పెట్టుకుని కాపలా కాసింది.

అంతలో ఆయుధపూజ వచ్చింది. లారీల ఇల్లు కదా, స్పానర్లూ జాకీలూ అన్నీ కడిగి బొట్లు పెట్టాలి. మా అత్త, ఇనుము పూజ తప్పిపోతే ఎట్లా అనుకుని, మైనం గీకి సీసా తెరిచి, నల్లబడిన మేకులను చింతపండుతో తళతళా తోమి, కుంకుమ పెట్టి జాకీ పక్కన పేర్చింది. అక్క స్నానం చేసి వచ్చి చూసింది. "ఏ ల్యాబులోనూ మేకులకు ఇంత మర్యాద జరగల్యాదత్తా" అని నవ్వి, హారతి కళ్ళకద్దుకుంది.

మధ్యాహ్నం మళ్ళీ నీళ్ళు కాస్తూ ఏడుస్తోంది. అప్పటికే ఆమె గుండె బాగాలేదు. "నీకు చూపించేదాకన్నా ఉంటానో లేదో మే" అంది. నాకు అత్త మీద ఒళ్ళు మండిపోయింది. అక్కే ఆపింది. "పోనీలే, మొక్కిందే కదా, పారేయల్యాదు గదా."

ఉండలేదు. నిన్న ఆమె గది ఊడ్వబోయి సీసా చేతిలోకి తీసుకున్నాను. మేకులు మళ్ళీ నల్లబడి ఉన్నాయి. మూత కింద చిన్న బుడగ. అది హైడ్రోజనో, లోపల మిగిలిన గాలో నాకు తెలియదు. చూస్తుంటే ఎన్నడూ తట్టనిది తట్టి, పైకే అడిగేశాను.

"అక్కా, డబ్బా అంతా తుప్పయిపోయినంక లోపలిదాని గతేంది?"

"ఎవురితో మాట్లాడ్తాండావే?" వంటింట్లోంచి అత్త కేకేసింది.

ఆ సీసా పట్టుకుని ఖాళీ మంచం మీద అట్లాగే కూర్చుండిపోయాను.