చింతపండుతో తోమిన నయాపైసా

ఒక నయాపైసా బరువెంత? అరచేతిలో పెడితే ఉన్నట్టే తెలియదు. దాన్ని నేను సగం జీవితం మోశాను. మోయడం అంటే గొప్పగా ఉంది, ఆ మాట తీసేయండి. దాని సంగతి దాచాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను. జాలి మాత్రం పడకండి. నేను జాలికి తగిన మనిషిని కాను.

డెబ్బయ్యో దశకంలో ఆదోనిలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. చిల్లర వెతకడం నా వ్యసనం. రాజుల కాలంనాటి కాసులు కొనుక్కుని పెట్టెలో పెట్టుకునే షోకు కాదది. కొట్లవాళ్లకూ సినిమాహాలు వాళ్లకూ నోట్లిచ్చి, సంచులకొద్దీ చిల్లర తెచ్చుకునేవాణ్ణి. ఇంట్లో దుప్పటి పరిచి కుమ్మరించి, ఒక్కో బిళ్ళ మీద సంవత్సరమూ, దాని కింద ఏ టంకశాలలో కొట్టారో చెప్పే చిన్న గుర్తూ చూసేవాణ్ణి. అరుదైనది, చేతుల్లో నలగకుండా కొట్టిననాటి గీతలతో మిగిలినది దొరికితే పండగే. చాలా సంచుల్లో ఏమీ దొరకదు. మిగతాది ఇంకో కొట్టుకు ఇచ్చేసి మళ్లీ మొదలు.

ఊరు నన్ను చిల్లర అయివారు అని నవ్వేది. నేను ఊరిని చూసి అంతకన్నా ఎక్కువ నవ్వుకునేవాణ్ణి. ఆదోనిలో పత్తి ధర తప్ప వేరే ప్రపంచం ఉందని ఎవరికి తెలుసు? తామరపువ్వు ఇరవై పైసల బిళ్ళలో బంగారం కలిసిందని నమ్మి దాచుకునే మహానుభావులు వీధికి నలుగురుండేవారు. ఇంత మంది గుడ్డివాళ్ల మధ్య కళ్లున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. ఆ కళ్లతో ఏం చేశానో వినండి.

మంచి చిల్లరంతా ఎమ్మిగనూరు జాతరకు వచ్చేది. గోనెగండ్ల వైపు పల్లెలవాళ్లు ముంతల్లో ఏళ్లకేళ్లు దాచింది అప్పుడే బయటికి తీస్తారు. జాతరలో సోడాలమ్మే మస్తాన్ దగ్గర నేను ఏటా ఒక సంచి తీసుకునేవాణ్ణి. నేనేం చూస్తున్నానో అడిగి అడిగి అతనూ మొదలుపెట్టాడు. సంవత్సరం ఎలా చూడాలో, గుర్తు ఎక్కడుంటుందో నేర్పాను. దొరికినదాన్ని ఎలా కాపాడాలో మాత్రం నేర్పలేదు. అంతా నేర్పేస్తే నా పెత్తనం ఏం మిగులుతుంది? గాడిదకేం తెలుసు గంధం వాసన అని లోపల అనుకుంటూ, పైకి శభాష్ అనేవాణ్ణి.

బళ్ళారిలో ఒక బట్టల వ్యాపారి ఏటా తన ఇంట్లో నాణేల ప్రదర్శన పెట్టేవాడు. అద్దాల పెట్టెలో బిళ్ళ, కింద చీటీ మీద దాన్ని వెతికి పట్టినవాడి పేరు. హైదరాబాదు టంకశాలలో తక్కువగా కొట్టిన ఒక ఏటి నయాపైసా కోసం ఒక గడి ఖాళీగా ఉంచాడు. ఆ గడి కింద నా పేరు ఉండాలని ఎన్ని సంచులు కుమ్మరించానో నాకే తెలియదు.

ఒక ఆదివారం పొద్దున మస్తాన్ ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. రుమాలు ముడి విప్పి ఆ నయాపైసా నా చేతిలో పెట్టాడు. అదే ఏడు, అదే గుర్తు. ముదురు గోధుమరంగు తిరిగింది, కానీ సింహాల జూలు కూడా చెరగలేదు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు వీడికి దొరికిందే అనుకున్నాను. అవును, వీడికి అనే అనుకున్నాను.

"మీకు సూపియ్యకుండా ఎవురికీ సూపియ్యలేదు అయివారూ. బళ్ళారికి పోతాండా. నా పేరు రాస్తారంట గదా?"

"రాస్తారు."

"మరి ఇంత నల్లగుండాదే. ఇట్లనే ఇయ్యొచ్చునా?"

ఆ ప్రశ్న దగ్గర నేను ఎంతసేపు ఆగాను? పెద్దగా ఆగలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

"ఇట్లా మురికిగా ఇస్తే ఏం బాగుంటాదప్పా. చింతపండు, బూడిద వేసి తోమించుకొని పో. తళతళలాడాల."

ఈ విద్య తెలిసినవాడెవడూ బిళ్ళను తోమడు. ఆ నలుపు మురికి కాదు, దాని వయసు. తోమితే పైపొర పోతుంది, మెరుపు వస్తుంది, ఆ మెరుపుతోనే బిళ్ళ విలువ పోతుంది. కానీ రాగిబిందెను ప్రతి పండక్కీ చింతపండుతో తోమే ఇంట్లో ఆ మాట ఎవరికి అనుమానంగా తోస్తుంది? నేను అందుకే ఆ మాట ఎంచుకున్నాను. వాళ్ల వంటింటి పద్ధతినే తీసుకుని వాళ్ల మీద వాడాను. ఇంతకన్నా నీచం ఉంటే చెప్పండి.

మస్తాన్ భార్య, పేరు మాబున్ని, ఆ బిళ్ళను తోమింది. బళ్ళారిలో ఆ పెద్దమనిషి ఒక్కసారి చూసి, వేలికొసతో బిళ్ళను వెనక్కి తోశాడట. తోమిన బిళ్ళ, పనికిరాదు అన్నాడట. మస్తాన్ వచ్చి ఆ సంగతి నాకు చెప్పాడు. నా మీద కోపంతో రాలేదు. నాకు క్షమాపణ చెప్పడానికి వచ్చాడు.

"మీరు సెప్పింది బాగనే సెప్పినారు. మా ఇంటిదాని సెయ్యి బరువు. గట్టిగా తోమినట్టుండాది."

నేనేమన్నాను? "మెల్లగా తోమాల్సింది" అన్నాను. మొదటిది అసూయ అనుకోండి, మనిషన్నాక కలుగుతుంది. ఈ రెండోదానికి పేరేమిటి? ఒక ఆడమనిషి నెత్తిన నా తప్పు పెట్టి, చెయ్యి దులుపుకుని, వచ్చినవాడికి కాఫీ కూడా ఇప్పించాను.

మస్తాన్ మళ్లీ చిల్లర ముట్టుకోలేదు. ఆ కథ మాత్రం బజారుకెక్కింది. తన సోడా అంగడికొచ్చినవాళ్లందరికీ అతనే చెప్పేవాడు. మాబున్ని గ్లాసులు కడుగుతుంటే, "మెల్లగా తోమమ్మో, గ్లాసు అరిగిపోతాది" అని తాగేవాళ్లు నవ్వేవారు. ఆమె తర్వాతి గ్లాసు అందుకునేది. ఎనభైలలో కూడా ఆ ఎగతాళి ఆగలేదు. నేనూ విన్నాను. నవ్వే గుంపులో కూర్చుని సోడా తాగుతూ విన్నాను. బళ్ళారి గడి ఖాళీగానే ఉందని తెలిసినప్పుడు సంతోషించాను కూడా. దాచను.

చివరిసారి పోయినప్పుడు మస్తాన్ అంగట్లో లేడు. ఆమె సోడా ఇచ్చి, పక్కకు పోకుండా నిలబడింది.

"అయివారూ, మీరు సదువుకున్నోళ్లు. ఒక మాట అడుగుతా. నేను మెల్లగానే తోమినా. పసిబిడ్డ మొగం కడిగినట్ల తోమినా. అంతమాత్రానికే పోతాదా అది?"

అన్నేళ్లలో నిజం అడిగింది ఆమె ఒక్కతే. చుట్టూ ఎవరూ లేరు. ఒక్క మాట చాలు. నేను, "పోనీలేమ్మా, పాత సంగతి" అని డబ్బులు పెట్టి బస్టాండుకు నడిచాను.

ఇప్పుడు చెప్తున్నాను. గుండె కొంచెం తేలికపడింది, ఆ తేలికను చూస్తే నాకే రోత. ఇది ఆమెకు చేరదు, ఆమెకు చదవడం రాదు కూడా. అయినా అడిగినదానికి జవాబు ఇదీ. పోతుందమ్మా. ఎంత మెల్లగా తోమినా పోతుంది. నాకు ముందే తెలుసు.