గాలి వీస్తే మూగబోయిన సైరన్

అది 1987 వానాకాలం. తుని దిగువ నుంచి గోదావరి పాయల దాకా తీరం పొడుగునా పెట్టిన తుపాను హెచ్చరిక రిసీవర్లను, కాకినాడలో ఉంటూ చూసుకోవడం నా ఉద్యోగం. రిసీవర్ అంటే రేడియో లాంటి పెట్టె. దానికి మేడ మీద తీగలతో అల్లిన పెద్ద డిష్ ఉంటుంది. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున మన ఉపగ్రహం భూమితో పాటే తిరుగుతూ, మనకు ఎప్పుడూ ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది. మద్రాసు నుంచి పంపిన కబురు అక్కడిదాకా వెళ్లి మా డిష్‌లోకి దిగుతుంది. వెంటనే సైరన్ దానంతటదే కూస్తుంది, ఆపైన తెలుగులో హెచ్చరిక వినిపిస్తుంది. టెలిఫోను తీగలు తెగినా, కరెంటు పోయినా పనిచెయ్యడమే దాని గొప్ప. రాకెట్లంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. మనిషి రేపు చంద్రుడి మీద కాపురం పెడతాడని బస్సులో పక్కవాడికి కూడా చెప్పేవాణ్ణి.

సముద్రపొడ్డున ఒక పల్లె ఉంది. అక్కడి పంచాయతీ గుమాస్తా సుబ్బారావు గారు నాకు రెండు ఉత్తరాలు రాశారు. గాలి వీస్తే పెట్టె మూగబోతోందని, నెలనెలా పంపే పరీక్ష సైరన్ రెండుసార్లు కూయలేదని. రెండుసార్లూ వెళ్లాను. రెండుసార్లూ ఆకు కదలని ఎండ. మీటర్ పెట్టి చూస్తే సిగ్నల్ నిండుగా ఉంది.

"మీ పెట్టెకి గాలి సోకిందేమోనండి, భూతవైద్యుణ్ణి పిలిపించండి," అన్నాను.

"నవ్వండి, నవ్వండి. రేపు ఊరు మునిగితే జనం నన్నడుగుతారు గానీ మిమ్మల్ని కాదు కదండీ," అన్నారాయన.

లాగ్‌బుక్ అని, పరీక్ష ఫలితం రాసే పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో 'ఓకే' అని రాసి, సంతకం పెట్టి వచ్చేశాను.

సెప్టెంబరు ఆఖరున మూడోసారి వెళ్లేసరికి జల్లుతో ఈదురుగాలి వీస్తోంది. మీటర్ ముల్లు పడుతోంది, లేస్తోంది. పంచాయతీ ఆఫీసు మేడెక్కి చూశాను. గోడవతల కొబ్బరిచెట్టు మావైపు ఒరిగి ఉంది. ఉపగ్రహం మాకు దాదాపు నడినెత్తిన, కాస్త దక్షిణంగా ఉంటుంది. గాలి కొట్టినప్పుడల్లా ఆ చెట్టు తడిమట్టలు సరిగ్గా డిష్‌కి అడ్డంగా ఊగుతున్నాయి. రెండేళ్ల కిందట నేను డిష్ బిగించినప్పుడు ఆ చెట్టుకి కాయలు దింపి, మట్టలు కొట్టేసి ఉన్నారు. చోటు ఎంచింది నేనే. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన నాకు, మట్ట మళ్లీ వేస్తుందని తట్టలేదు. తుపాను వచ్చిన రోజునే చెవుడొచ్చే యంత్రాన్ని ఆ ఊరికి కట్టబెట్టాను. సిగ్గుతో సుబ్బారావు గారి మొహం చూడలేకపోయాను.

ఆ చెట్టు పక్కింటి మంగాయమ్మ పెరట్లోది. ఆవిడ భర్త పద్దెనిమిదేళ్ల కిందట చేపల వేటకెళ్లి, గాలివానలో చిక్కుకుని తిరిగి రాలేదు. అది పెళ్లైన ఏడు ఇద్దరూ కలిసి నాటిన చెట్టు. కాసే కొబ్బరిచెట్టును మా వైపు ఎవరూ నరకరు, కన్నకొడుకుతో సమానం అంటారు. అందుకే సర్దిచెప్పబోయాను.

"నరకక్కర్లేదమ్మా. నెలనెలా మట్టలు కొట్టిస్తే చాలు. డిష్ జరపమని పైవాళ్లకి కూడా రాస్తాను. ఎప్పటికవుతుందో మాత్రం చెప్పలేను."

"మా ఆయన పోయిన్రోజున ఈ పెట్టె ఉంటే కూసేదా బాబూ?" అని అడిగింది.

"కూసేదమ్మా," అన్నాను. అంతటితో ఆపితే అబద్ధమవుతుందనిపించి, "ఇప్పుడున్నట్టుగా ఉంటే మాత్రం కూసేది కాదు," అన్నాను.

ఆవిడ చెట్టు వైపు చూసింది.

"నెలనెలా అంటారు. ఏదో ఒక నెల మర్చిపోతారు. ఆ నెలే వత్తాది గాలి. చెట్టే కొట్టించెయ్యండి బాబూ."

మర్నాడు పొద్దున్నే చెట్టు మొదట్లో పసుపునీళ్లు పోసి, కొబ్బరికాయ కొట్టి, "ఏమీ అనుకోకు నాయనా," అని చెట్టుతో చెప్పింది. గొడ్డలి చప్పుడు వినపడకూడదని పొరుగూరు వెళ్లిపోయింది. కాయలు దింపించి, తాళ్లు కట్టి, చెట్టును జాగ్రత్తగా పడగొట్టించాం. అది నేల తాకినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

నెల తిరక్కుండానే వాయుగుండం వచ్చింది. ఆ తెల్లవారుజామున పల్లెవాళ్లు పడవలు దింపుతున్నారు. మట్టలుంటే ఊగేంత గాలే గానీ, వేట మానుకునేంత గాలి కాదు. ఫోను అప్పటికే పనిచెయ్యడం లేదు. సైరన్ కూసింది. పడవలన్నీ ఒడ్డునే ఆగిపోయాయి. మధ్యాహ్నానికి సముద్రం ఊరి కరకట్ట దాకా వచ్చింది.

వారం తర్వాత వెళితే మంగాయమ్మ ఆ చెట్టు మొద్దు పక్కన చేపలు ఎండబెడుతోంది. తలెత్తి, "కూసింది బాబూ, విన్నాను," అంది. చేపలు తిరగేస్తూ, "ఆయనకే వినపళ్లేదు," అంది.

రేపు మనిషి నిజంగానే చంద్రుడి మీద ఇళ్లు కట్టుకోవచ్చు. అక్కడి నుంచి వచ్చే కబురైనా చివరికి ఎవరి పెరట్లోనో దిగాలి. నేను ఆకాశాన్ని చూశాను గానీ ఆ పెరటిని చూడలేదు. చూసి చెప్పినాయన్ని ఎగతాళి చేశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, గాలి లేని రోజున పరీక్షించి ఏ ఊరి లాగ్‌బుక్‌లోనూ 'ఓకే' అని రాయలేదు.